ఎంగిలి రీడు

బ్యాండులో క్లారినెట్ నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లు ముందుగా అడిగేది ఒకటే, ఏ కంపెనీ వాయిద్యం కొనాలి అని. ఇరవై ఏళ్లు పెళ్లి బ్యాండులో ఊదినవాణ్ణి కదా, ఏదో రహస్యం చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం రీడు ఎక్కడ పెట్టుకున్నావో చూపించు అంటాను. ఒకడు పర్సులోంచి తీస్తాడు. ఒకడి జేబులో దువ్వెనతో కలిసి ఉంటుంది. ఒకడైతే క్లారినెట్‌కే వదిలేశానని, విప్పి నెలైందని నవ్వుతూ చెప్పాడు. వాణ్ణి ఇంటికి పంపేశాను. ముసలాయనకు చాదస్తం అనుకుంటూ వెళ్లి ఉంటాడు, అనుకోనీ.

క్లారినెట్ అనగానే అందరికీ నల్లని గొట్టం, తెల్లని మీటలు గుర్తొస్తాయి. పాడేది ఆ గొట్టం కాదు. మూతి దగ్గర బిగించే చిన్న రెల్లు బద్ద, దాన్నే రీడు అంటాం. వేలెడు పొడవుంటుంది, ఒక కొస ఉల్లిపొరంత పలచన. కింది పెదవి మీద అది అదిరితేనే స్వరం పలుకుతుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, అశ్రద్ధ చేస్తే బూజు పడుతుంది. దాన్ని చూసుకోవడమే ఈ పనిలో సగం. ఆ సగంలో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఎండ, నీడ

నేను పనిలో చేరింది అరవైల చివర్లో. పురానాపూల్ దగ్గర ఒక మడిగె, అదే మా బ్యాండు ఆఫీసు. మేకులకు ఎర్రకోట్లు, అటక మీద డోళ్లు, మూలన నీళ్ల కుండ, దాని మీద ఒకటే లోటా. మాలో హిందువులు, ముస్లింలు, ఇద్దరు క్రైస్తవులు ఉండేవాళ్లు. అందరం ఆ లోటాతోనే తాగేవాళ్లం, పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని. ఎవరో పెట్టిన నియమం కాదు, అట్లా నడిచిపోయేది.

బ్యాండు యజమాని రాములు సేట్. ఆయనకు ఏ వాయిద్యమూ రాదు, కానీ పెళ్లివారిలో ఎవరి గొంతు ఎప్పుడు లేస్తుందో ముందే పసిగట్టేవాడు. అందరి ముందు నిలబడి ఊదే క్లారినెట్ ఖైరుద్దీన్ గారిది. అప్పటికే యాభై దాటిన మనిషి, మా అందరికీ మాస్టర్ సాబ్. ఆయన పక్కన రెండో క్లారినెట్ నాది.

నా మొదటి ఎండాకాలం, శుభ్రత మీద ప్రేమ పొంగి, ఉన్న రీడ్లన్నీ కడిగి మిద్దె మీద ఎండలో ఆరేశాను. గంటలో అంచులు లేచి అప్పడాల్లా తయారయ్యాయి. మాస్టర్ సాబ్ తిట్టలేదు. ఒక రీడు తీసుకుని గోడకున్న అద్దం మీద పరిచి, నా తల పట్టుకుని దగ్గరికి వంచాడు.

"కింద సందు కనవడుతుందా?"

"కనవడుతుంది మాస్టర్ సాబ్."

"నీ దమ్మంత గా సందులకెల్లే పోతది. మొఖం ఎర్రగైతది గని ఆవాజ్ రాదు. రీడును ఎండల వెట్టొద్దు నర్సింగ్. నీడల వెట్టాలె. దానికి జల్దీ పనికి రాదు."

నాకు జల్దీ ఎక్కువ. అది అప్పుడూ ఎక్కువే, పదేళ్ల తర్వాతా ఎక్కువే.

ఆయన రీడ్లకు ఒక చదును రేకు డబ్బా ఉండేది. లోపల దానికి సరిపోయేలా కోయించిన అద్దం ముక్క. ఊదడం అయిపోగానే రీడు విప్పి, మొదలు నుంచి కొస వైపుకే తుడిచి, అటు నుంచి ఇటు తుడిస్తే కొస చీలుతుంది కాబట్టి, ఆ అద్దం మీద చదునుగా పరిచి పైన మెత్తని మల్లుగుడ్డ కప్పేవాడు. ఎండాకాలంలో బిరుసెక్కకుండా చిన్న తమలపాకు ముక్క వేసేవాడు. వానలు పడగానే అది తీసేసి, గుడ్డలో కట్టిన నాలుగు బియ్యపు గింజలు పెట్టేవాడు, నెమ్ము లాగడానికి. ఒకే రీడును వరుసగా రెండు రోజులు ఊదేవాడు కాదు. పెన్సిలుతో వెనక గీతలు పెట్టి, ఇవాళ ఒక గీత, రేపు రెండు గీతలు, అట్లా తిప్పేవాడు. దానికీ విశ్రాంతి కావాలంటాడు. మాకు మాత్రం పెళ్లిళ్ల సీజన్లో రోజుకు మూడు బరాత్ ఊరేగింపులు ఉండేవి, అది వేరే సంగతి.

ఒకసారి బరాత్ మధ్యలో వేరే బ్యాండు క్లారినెట్ ఆయన పరుగున వచ్చాడు. రీడు చీలిందట, మాస్టర్ సాబ్ డబ్బాలోంచి ఒకటి ఇమ్మన్నాడు. మాస్టర్ సాబ్ డబ్బా తెరవలేదు. కోటు జేబులోంచి ఇంకా ఎవరూ ముట్టని కొత్త రీడు తీసి ఇచ్చాడు. తర్వాత నాతో అన్నాడు: "కొత్తది ఎవనికన్న ఇయ్యి. నీ నోట్లె వెట్టుకున్నది మాత్రం ఇంకొకని నోట్లెకు పోవద్దు. ఎంగిలి. మీ ఇంట్ల గదే, మా ఇంట్ల గదే." నాకు అది చెప్పాల్సిన అవసరం లేదు. మా అమ్మ చేతిలో పెరిగినవాణ్ణి, ఎంగిలి అంటే ఏమిటో తెలుసు.

ఒక్క పాట

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు తెలియాల్సిన మాట ఒకటుంది. మా అసలు పరీక్ష బరాత్ కాదు. బరాత్‌లో డోళ్లు, ట్రంపెట్లు ఒక్కసారి మోగుతుంటే నువ్వు తప్పు ఊదినా, అసలు ఊదకపోయినా దేవుడికి కూడా తెలియదు. పరీక్ష అప్పగింతలప్పుడు. డోళ్లు పక్కన పెట్టేస్తారు. అమ్మాయి తల్లిని వదిలి గుమ్మం దిగినప్పటి నుంచి ఒక్క క్లారినెట్ మోగాలి. కారెక్కి తలుపు పడేదాకా పాట తెగకూడదు. తెగితే అశుభమని పెళ్లివారి నమ్మకం, పరువు తక్కువని మా నమ్మకం.

ఆ పాటకు మాస్టర్ సాబ్ పెట్టింది పేరు. బ్యాండు మాట్లాడటానికి వచ్చినవాళ్లు ముందుగా "అప్పగింతలకు మాస్టర్ సాబ్ ఉంటడా?" అని అడిగేవారు. రాములు సేట్ గర్వంగా తల ఊపేవాడు. ఆయన బాణీ వేరు, మా బాణీ వేరు అనిపించేది. ఆ స్వరం ఎత్తుకుంటే అప్పటిదాకా పేకాట ఆడుకుంటున్న మగవాళ్లు కూడా లేచి నిలబడేవారు.

ఆషాఢంలో చేసిన మంచిపని

డెబ్బైల చివర్లో ఒక ఆషాఢం. పెళ్లిళ్లు లేవు. మాస్టర్ సాబ్ జహీరాబాద్ దగ్గర వాళ్ల అన్నగారి ఊరికి వెళ్తూ డబ్బా నా చేతిలో పెట్టాడు.

"మా ఇల్లు మూసీ పక్కకున్నది, గోడలన్ని నెమ్ము. బూజు వడతయి. నెలదినాలు నీ దగ్గర వెట్టు. రోజు జర మూత దీసి గాలి తగలనియ్యి. అంతే. ఇంకేం జెయ్యకు."

ఇంకేం చెయ్యకు అన్నాడు. ఆ మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను.

గౌలిపురలో మా ఇంట్లో మూత తీసి చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఐదు రీడ్లు, ఐదూ పాతవే. గోధుమరంగు పోయి నల్లబడ్డాయి. పాన్ మరకలు. కొసలు వెలుతురుకు పెడితే అవతల వేలు కనిపించేంత పలచన, బ్లేడుతో గీకిన గుర్తులు. ఇంత పెద్ద విద్వాంసుడు ఇట్లాంటి చెత్తతో నెట్టుకొస్తున్నాడా అనిపించింది. ఆయన నాకు ఇన్నేళ్లు నేర్పాడు, నేనిచ్చింది ఏమీ లేదు. సికింద్రాబాదులో వాయిద్యాల షాపుకు వెళ్లి, విదేశీ రీడ్ల పెట్టె తెచ్చాను. మూడో నంబరు, గట్టివి. ఆ రోజుల్లో మూడో నంబరు ఊదేవాడే మొనగాడని మేం మీసాలు దువ్వుకునేవాళ్లం. మెత్తవి ఉన్నాయా అని అడగాలనే ఆలోచనే రాలేదు.

కొత్తవి ఐదు ఆ అద్దం మీద పేర్చాను, తెల్లగా, ముద్దుగా. పాతవి చేతిలో పట్టుకుని నిలబడితే నా భార్య అనసూయ చూసింది.

"ఇంకొకలి ఎంగిలి పుల్లలు ఇంట్ల ఎందుకు, పొయ్యిల ఎయ్యి" అంది.

నీళ్ల పొయ్యిలో వేశాను. ఆమెను అనడానికి లేదు. చెయ్యి నాది. అవి కాలడానికి ఎంతసేపూ పట్టలేదు, చేతులు దులుపుకుని సంతోషంగా టీ తాగాను.

నోరు ఖతమైంది

శ్రావణంలో మొదటి పెళ్లి ఫలక్‌నుమాలో, రైల్వేలో పనిచేసే ఆయన కూతురిది. మాస్టర్ సాబ్ ఊరి నుంచి తిన్నగా అక్కడికే వచ్చాడు. నేను పండగ చేసుకుంటున్నవాడిలా డబ్బా అందించాను. ఆయన మూత తీశాడు. చూశాడు. ఒక్కటి ఎత్తి గోరుతో కొస నొక్కి చూశాడు.

"పాతయి?"

"పారేసిన మాస్టర్ సాబ్. మస్తు ఖరాబైనయి. ఇవి ఫారిన్‌వి, మీకోసమే తెచ్చిన."

ఆయన నా ముఖంలోకి చూసి, "అచ్ఛా" అన్నాడు. ఒక రీడు నోట్లో పెట్టుకుని తడుపుతూ పక్కకు తిరిగాడు. మెచ్చుకుంటాడనుకున్నాను, కొంచెం నొచ్చుకున్నాను కూడా.

బరాత్ అంతా ఆయన వేళ్లు కదిలాయి కానీ శబ్దం నాకు వినపడలేదు. అప్పగింతలకు దమ్ము దాచుకుంటున్నాడేమో అనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి డోళ్లు ఆగాయి. అమ్మాయి తల్లి మెడ పట్టుకుని ఏడుస్తోంది. మాస్టర్ సాబ్ ముందుకు వచ్చి క్లారినెట్ ఎత్తాడు. గాలి వచ్చింది, స్వరం రాలేదు. మళ్లీ పట్టాడు. కీచుమని ఒక అరుపు వచ్చి ఆగిపోయింది. కింది పెదవి అంచున రక్తం కనిపించింది. అమ్మాయి అప్పటికే నాలుగడుగులు వేసింది. ఆ పాట నాకు వచ్చు, కానీ ఆయన ముందు ఎత్తుకోవడానికి చేతులు లేవలేదు. రాములు సేట్ వెనక నుంచి "నర్సింగ్! ఊదరా!" అని అరిచేసరికి నేను అందుకున్నాను. అప్పటికి కారు తలుపు పడిపోయింది.

అమ్మాయి తండ్రి మీదికొచ్చాడు. "నా బిడ్డను మూగగ తోలిచ్చినరు కదయ్యా" అన్నాడు. కొట్టినా బాగుండేది.

సేట్ మాస్టర్ సాబ్‌ను పక్కకు పిలిచాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏమైంది సాబ్?"

"నోరు ఖతమైంది సేట్. ఉమర్ అయ్యింది, ముసలోణ్ణైన."

డబ్బా మాట ఎత్తలేదు. నా వైపు చూడను కూడా లేదు. నేను మార్చాను సేట్, తప్పు నాది అనడానికి నాకు ఒక్క క్షణం పట్టేది. అనలేదు. భయపడ్డానని చెబితే సగమే నిజం. అప్పటికే సేట్ కళ్లు నా వైపు తిరిగాయి, ఆ చూపులో ఏముందో నాకు అర్థమైంది. వారం తిరిగేలోగా ముందు నిలబడే చోటు నాదైంది, భుజాల మీద బంగారు కుచ్చులున్న కోటు నాదైంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అద్దంలో ఆ కోటు చూసుకుని మురిసిపోయాను.

పళ్లు ఆనించకుండా

మాస్టర్ సాబ్ ఆఫీసుకు రావడం మానేశాడు. మూడు వారాలకు వాళ్లింటికి వెళ్లాను. ఆయన నమాజుకు పోయాడు. ఆయన భార్యను మేం చాచీ అనేవాళ్లం. పాలలో నానేసిన రొట్టె గిన్నె పక్కన పెట్టి ఆమె చెప్పింది.

"ఏడాదాయె నర్సింగ్, కింది పండ్లు రెండు కదులుతున్నయి. రొట్టె నమలొస్తలేదు. ఎవలికి చెప్పొద్దన్నడు. పాత రీడ్లు గీకి గీకి మెత్తగ చేసుకొని ఎట్లనో నెట్టుకొచ్చిండు. అవేమైనయో ఏమో, ఇగ ఊదనంటుండు."

క్లారినెట్ ఊదేటప్పుడు కింది పెదవి కింది పళ్ల మీదే ఆనుతుంది. గట్టి రీడు అదిరించాలంటే పళ్లు గట్టిగా ఉండాలి. నేను చెత్త అనుకున్నవి చెత్త కాదు. ఒక మనిషి ఏడాదిపాటు తన నోటికి తగ్గట్టు చేసుకున్న పనిముట్లు. మరక చూసి వెల కట్టాను, నోటికి పెట్టుకుని చూస్తే తెలిసేది. కానీ ఎంగిలి కదా, పెట్టుకోలేదు.

ఆయన వచ్చేలోగా లేచి వచ్చేశాను. అప్పుడూ చెప్పలేకపోయాను.

షాపులో మెత్తవి లేవు, ఎప్పుడొస్తాయో తెలియదన్నారు. గట్టి రీడును మెత్తబరచాలంటే రోజూ కొంత కొంత ఊదాలి, మధ్యమధ్య గీకాలి. ఊదడానికి గట్టి పళ్లున్న నోరు కావాలి. అది ఆయనకు లేదు. నాకుంది.

భాద్రపదం వచ్చింది, మా పెళ్లిళ్లు ఆగాయి. పెట్టెలో మిగిలిన రీడ్లు ముందు వేసుకుని కూర్చున్నాను. మొదటి రోజు ఒక్కోటి ఐదు నిమిషాలు, రెండో రోజు పది. వెలుతురుకు పెట్టి చూడటం, నీడ మందంగా ఉన్నచోట బ్లేడుతో రెండు గీతలు గీకడం, అద్దం మీద నీడన ఆరబెట్టడం. తొందరపడి గీకినవి కొసలు చీలాయి. మెత్తదనం ఎట్లా తెలుసుకోవాలి? పళ్లు ఆనించకుండా, వట్టి పెదవి మీద పట్టి ఊదేవాణ్ణి. అట్లా స్వరం వస్తే ఆయనకు పనికొస్తుంది. మొదట్లో గాలే వచ్చేది. ఫలక్‌నుమాలో ఆయనకు వచ్చిన గాలే అది.

పక్కింటి మల్లేశన్నది పాలవ్యాపారం. నాలుగో రోజే గోడ మీద నుంచి తల పెట్టాడు.

"నర్సింగన్నా, నీ కీచుడుకు బర్రె పాలు చేపుతలేదే. ఏందీ లొల్లి?"

"ఇంకో పదిహేను దినాలు ఓర్చుకో అన్నా."

"నేనోర్చుకుంట. బర్రెకు ఎవలు చెప్పాలె?"

నెల తిరిగేసరికి నాలుగు మిగిలాయి. అప్పటికవి నల్లబడ్డాయి. చూడటానికి అచ్చం నేను కాల్చినవాటిలానే ఉన్నాయి.

కడగొద్దు

ఆ నాలుగూ నా రేకు డబ్బాలో పెట్టుకుని మాస్టర్ సాబ్ ఇంటికి వెళ్లాను. మాస్టర్ సాబ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. కింది పళ్లు రెండూ అప్పటికే ఊడాయి. నేను నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

"మీ రీడ్లు పారెయ్యలేదు మాస్టర్ సాబ్, కాలవెట్టిన. సేట్ ముంగట నోరు తెర్వలేదు. మీ జాగల నిలవడ్డ."

"మాలూమ్ హై, నాకెరికే" అన్నాడు. "చెప్తె సేట్ ఆ దినమే నిన్ను పంపిస్తుండె. ఇద్దరం పోయి ఏం జేస్తం?"

డబ్బా మూత తీసి ముందు పెట్టాను. "మెత్తగ చేసిన. నెలదినాలు ఊదిన. పండ్లు ఆనియ్యకుండ పలుకుతయి." తర్వాతి మాట డబ్బా వైపు చూస్తూ అన్నాను. "నా ఎంగిలి. ఉడుకు నీళ్లల్ల కడిగిస్త."

ఆయన ఒకటి ఎత్తి వెలుతురుకు పెట్టాడు. అటూ ఇటూ తిప్పాడు. చాచీ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నక్కో నర్సింగ్, కడగొద్దు. ఉడుకు నీళ్లు తగిల్తె నువ్వు నెలదినాలు చేసిన పని గంగల గల్సినట్టే" అన్నాడు. తుడవకుండానే నోట్లో పెట్టుకున్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన రీడు బిగించి, కళ్లు మూసుకుని ఊదాడు. సన్నగా, గాలి కలిసి, కానీ పలికింది.

మర్నాడు సేట్ దగ్గరికి వెళ్లి జరిగినదంతా చెప్పాను. నాలుగు తిట్లు తిట్టాడు, అవి ఇక్కడ రాయను. బరాత్ నేను ఊదుతా, అప్పగింతల పాట ఆయనకివ్వండి అన్నాను.

"మల్ల గట్లనే ఐతే?"

"ఇద్దరం పోతం సేట్."

"పోవుడు కాదు, నేనే తోలుత. ఒక్క పెండ్లి చూస్త."

ఆయన చెడ్డవాడు కాదు. పెళ్లివారి మాటలు పడేది ఆయనే.

కార్తీకంలో ఆ ఒక్క పెళ్లి మల్లేశన్న కూతురిదే అయింది. గౌలిపుర సందంతా పందిరి. డోళ్లు ఆగగానే సేట్ చేతులు కట్టుకుని మా వెనకే నిలబడ్డాడు. మాస్టర్ సాబ్ ముందుకు వచ్చాడు. నేను ఆయన భుజం పక్కనే ఉన్నాను.

పాట ఎత్తుకున్నాడు. వెనకటి కంటే సన్నని స్వరం, కానీ ఆడవాళ్ల ఏడుపు దానిలో కలిసిపోయింది. మల్లేశన్న తన కూతురి చెయ్యి వదల్లేక గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆగేకొద్దీ పాట సాగదీయాలి. రెండో చరణం అయింది. మాస్టర్ సాబ్ పెదవి వణకడం చూశాను. చెంపలు లోపలికి పోయాయి. అమ్మాయి ఇంకా సగం దారిలో ఉంది. స్వరం సన్నబడింది. సేట్ ఒక అడుగు ముందుకు వేశాడు.

నా క్లారినెట్ నా చేతిలోనే ఉంది, కానీ దాని రీడు గట్టిది. అది ఎత్తుకుంటే గొంతు మారిందని అందరికీ తెలిసిపోతుంది. మాస్టర్ సాబ్‌కు నాకంటే ముందే ఆ సంగతి తట్టింది. ఒక స్వరం పొడుగ్గా పట్టి, ఆ ఊపిరి కొసన తన క్లారినెట్‌నే నా చేతిలో పెట్టాడు. రీడు మీద ఆయన ఉమ్మి మెరుస్తోంది. బ్యాండంతా చూస్తోంది. మా అనసూయ ఆడవాళ్లలో నిలబడి చూస్తోంది.

నేను తుడవలేదు. నోట్లో పెట్టుకుని, ఆయన వదిలిన స్వరమే అందుకున్నాను. అమ్మాయి కారెక్కి తలుపు పడేదాకా పాట తెగలేదు.